ఆరు నెలల కాపురానికి హక్కులు ఉండవా?

పెళ్లయి ఏడాది తిరగకుండానే కాపురం చెడితే, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ ముందు కూర్చునేది పెద్దమనుషులే. పెట్టిందెంత, తిరిగి ఇచ్చేదెంత అని బేరం తెగాక స్టాంపు కాగితం మీద ‘ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు’ అని రాయించి సంతకాలు పెట్టిస్తారు. ‘ఆరు నెలల కాపురానికి హక్కులేమిటి?’ అని ఆ పంచాయతీలో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఎన్నాళ్లు కాపురం చేస్తే అంత హక్కు అన్న ఈ లెక్క ఊళ్లో పుట్టిందే తప్ప చట్టం పెట్టింది కాదు.

పాత హిందూ ధర్మశాస్త్రంలో పెళ్లి తెగేది కాదు. అయినా ఎన్నో కులాల్లో కులపంచాయతీ ముందు విడిపోయి మారుమనువు చేసుకునే ఆచారం ఉండేది. 1955 హిందూ వివాహ చట్టం విడాకులకు కోర్టు దారి తెరుస్తూనే, 29వ సెక్షన్‌లో ఆ ఆచారాలనూ కాపాడింది. అయితే తమలో అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి. ఆ రుజువు లేకపోతే స్టాంపు కాగితం పెళ్లిని రద్దు చేయదు. దాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ రెండో పెళ్లే చెల్లదు. దేవరకొండ వైపు తండాల పరిస్థితి వేరు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని 2వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, అక్కడ ఆచారానికి బరువు ఎక్కువ.

కాలాన్ని చట్టం లెక్కపెట్టేది ప్రధానంగా విడాకులు అడిగే గడువు దగ్గర. మొదట్లో పెళ్లయిన మూడేళ్ల దాకా మామూలుగా విడాకులకు కోర్టుకు వెళ్లే వీలుండేది కాదు. 1976 సవరణ దాన్ని ఏడాదికి తగ్గించి, పరస్పర అంగీకార విడాకులనూ తెచ్చింది. అందులోని ఆరు నెలల నిరీక్షణను తగిన కేసుల్లో మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆస్తి దగ్గరే అసలు అన్యాయం జరుగుతోంది. పుట్టింటివారు పెట్టిన బంగారం, బీరువా, బిందెలు, పెళ్లిలో చదివించిన కానుకలు స్త్రీధనం. ఒక్క రోజు కాపురం చేసినా అవి ఆమెవే. అత్తింటివారి దగ్గర ఉన్నా అవి ఆమె నమ్మి అప్పగించిన సొత్తేనని, ఇవ్వకుండా వాడుకుంటే నమ్మకద్రోహ నేరమని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నం తీసుకోవడమే నేరం. తీసుకున్నవారు దాన్ని మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలని వరకట్న నిషేధ చట్టం అంటోంది. పంచాయతీలో మాత్రం ఆమె సొమ్మును ఆమెకే సగానికి బేరమాడి ఇస్తారు.

పుట్టింట్లోనేమో ‘నీ వాటా కట్నంగా ఇచ్చేశాం కదా’ అంటారు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా తీరిపోదు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన తొలి రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆ హిందూ వారసత్వ చట్ట సవరణ, అప్పటికే పెళ్లయినవారిని వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది.

భర్త ఆస్తిలో సగం వస్తుందన్నదీ అపోహే. భార్యకు వాటా ఇచ్చే బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించినా లోక్‌సభ దాటలేదు. ఉన్నది భరణం. దాన్ని లెక్కగట్టేటప్పుడు ఇద్దరి ఆదాయాలు, అవసరాలతో పాటు కాపురం ఎంతకాలం సాగిందన్నదీ చూస్తారు. కాలం వల్ల భరణం మొత్తం తగ్గవచ్చు, అడిగే హక్కు మాత్రం పోదు. ముస్లిం మహిళలకూ నేర ప్రక్రియా స్మృతి (ఇప్పుడు దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత ఉంది) కింద భరణం అడిగే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2024 జులైలో మరోసారి చెప్పింది. అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసే.

బిడ్డ విషయంలో తల్లిదండ్రుల కాపురం వయసుతో పనే లేదు. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని మొదటి సహజ సంరక్షకుడిగా, ‘అతని తర్వాత’ తల్లిని పేర్కొంది. తండ్రి బతికి ఉన్నా బాధ్యత పట్టించుకోకపోతే తల్లే సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసు తీర్పు చెప్పింది. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. అన్నిటికీ మించి కోర్టు చూసేది బిడ్డ క్షేమమే. పాలు తాగే పసివాణ్ని ‘మా వంశాంకురం’ అని లాక్కుపోవడానికి ఏ పెద్దమనిషి తీర్పూ చాలదు. ‘బిడ్డకు ఏమీ అడగను’ అని తల్లి చేత సంతకం పెట్టించినా, తండ్రి నుంచి బిడ్డకు రావాల్సిన పోషణ హక్కు పోదు.

పనికోసం ముంబయి, పుణె వెళ్లి, అక్కడ కాపురం చెడి పసిబిడ్డతో నారాయణపేటకో వనపర్తికో తిరిగివచ్చే ఆడపిల్లలకు మరో మార్పు మేలు చేసింది. 2003కు ముందు పెళ్లి జరిగిన చోటో, చివరగా కలిసి ఉన్న చోటో, భర్త ఉండే చోటో విడాకుల కేసు వేయాల్సి వచ్చేది. ఆ ఏడాది సవరణతో భార్య తానున్న ఊరి పరిధిలోని కోర్టులోనే కేసు వేయగలుగుతోంది.