కాడికి రెండేసి: వర్గసంఖ్యల లెక్క

ఎనిమిదో తరగతి చదువుతున్న మా పక్కింటి అమ్మాయి మొన్న ఒక లెక్క పట్టుకొచ్చింది. 8, 15, 20 మూడింటితోనూ శేషం లేకుండా భాగించగల అతి చిన్న వర్గసంఖ్య ఏది? క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే మూడింటితోనూ తెగే అతి చిన్న సంఖ్య) 120 అని సరిగ్గానే తీసింది. దాన్ని దానితోనే గుణించి 14400 అని రాసింది. అది వర్గసంఖ్యే, మూడింటితోనూ తెగుతుంది. అయితే అతి చిన్నది కాదు.

ఈ లెక్క చూస్తే నాకు దుక్కిటెద్దులు గుర్తొస్తాయి. వర్గసంఖ్యలోని ప్రధాన కారణాంకాలన్నీ కాడికి కట్టిన ఎద్దులు. 2 పక్కన 2 ఉండాలి, 3 పక్కన 3 ఉండాలి. 2కు 3ను జోడు కట్టడం కుదరదు. 120ని విడదీస్తే 2×2×2×3×5. రెండు 2లకు కాడి కుదిరింది. మిగిలిన 2, 3, 5 ఒంటెద్దులు. వాటికి జోడు తెస్తే చాలు: 2×3×5, అంటే 30. 120×30 = 3600. కాడికొక ఎద్దు చొప్పున లెక్కపెడితే 2×2×3×5 = 60, అదే వర్గమూలం. అమ్మాయి అప్పటికే జోడు కుదిరిన రెండు 2లకు కూడా మళ్లీ జోడు తెచ్చింది. అందుకే జవాబు సరిగ్గా 4 రెట్లయింది.

బడిలో ఈ మెట్లన్నీ నేర్పుతారు, ఎందుకో చెప్పడానికి మాత్రం తీరిక దొరకదు. నిజానికి కారణం ఒక్క వాక్యం: వర్గమంటే ఒక సంఖ్యను దానితోనే గుణించడం కాబట్టి, అందులోని ప్రతి ప్రధానాంకమూ రెండేసి సార్లు వచ్చి తీరాలి.

పెళ్లిళ్లలో 1116 చదివిస్తాం. విడదీస్తే 2×2×3×3×31; అందులో 31 ఒంటెద్దు. 116లో 29 ఒంటరి. సంఖ్యలకు శుభాశుభాలు ఉండవు, వాటి స్వభావమంతా ఈ కారణాంకాల్లోనే ఉంది.

1 నుంచి 10 వరకు అన్నింటితోనూ తెగాలంటే? క.సా.గు. 2520 = 2³×3²×5×7. ఘాతాంకం (ఆ ప్రధానాంకం ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే పై అంకె) బేసి అయిన చోటల్లా ఒకటి కలపాలి: 2⁴×3²×5²×7² = 176400. ఘాతాంకాలను సగం చేస్తే వర్గమూలం 420. 2520ని వర్గం చేసి ఉంటే 36 రెట్లు పెద్ద సంఖ్య వచ్చేది.

అమ్మాయి లెక్కలో ఇంకొకటి దాగి ఉంది. ఆ మూడింటితో తెగే ఏ వర్గసంఖ్యకైనా వర్గమూలం 60కి గుణిజం కావాలి. కాబట్టి లక్ష లోపు అలాంటివి అయిదే. వాటిని తనే వరుసగా రాసింది: 3600, 14400, 32400, 57600, 90000. రెండోది తను మొదట రాసిన జవాబే.