ఫైల్ తెరుచుకోలేదని సిస్టమ్ ఫార్మాట్ కొట్టేయకండి

"ఫైల్ పోయిందండీ, సిస్టమ్ ఫార్మాట్ కొట్టిస్తున్నాం." పుస్తకాల పేజీలు డిజైన్ చేసే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ వాడేవాళ్ల నుంచి నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. పోయిందని ఎలా తెలిసిందంటే ఎర్రర్ మెసేజ్ ఫొటో తీసి పంపుతారు. చదివి చూస్తే ఫైల్ పోయిందని అందులో ఎక్కడా ఉండదు.

అపోహ: "ప్లగ్-ఇన్ (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు భాగం) లేకపోవచ్చు" అని వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ చెడిపోయినట్టే. తీసేసి మళ్లీ వేసుకోవాలి.

వాస్తవం: ఫైల్ తెరవలేనప్పుడు ఇన్‌డిజైన్ మూడు అనుమానాలను ఒకే మెసేజ్‌లో చెబుతుంది. ఈ రకం ఫైల్ చదవడం తనకు చేతకాకపోవచ్చు, దాన్ని చదివే ప్లగ్-ఇన్ లేకపోవచ్చు, ఫైల్ ఇంకో ప్రోగ్రామ్‌లో తెరిచి ఉండొచ్చు. మూడూ "వచ్చు"లే. మనవాళ్లు మధ్యదాన్ని పట్టుకుని సాఫ్ట్‌వేర్ మీద పడతారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు జరిగింది వేరు: పెన్‌డ్రైవ్ నుంచి ఫైల్ సగమే కాపీ అయి ఉంటుంది, లేదా సేవ్ అవుతుండగా కరెంటు పోయి ఉంటుంది, లేదా కొత్త వెర్షన్‌లో చేసినదాన్ని పాత వెర్షన్‌లో తెరుస్తుంటారు. సాఫ్ట్‌వేర్ పదిసార్లు వేసినా వీటిలో ఒక్కటీ బాగుపడదు.

ఫార్మాట్ కొడితే ఉన్నది కూడా పోతుంది. మనం పని చేస్తున్నంతసేపూ ఇన్‌డిజైన్ రికవరీ సమాచారాన్ని మన ఫైల్ పక్కన కాకుండా, సిస్టమ్‌లో తన సొంత ఫోల్డర్‌లో దాచుకుంటూ ఉంటుంది. క్రాష్ అయ్యాక మళ్లీ తెరిస్తే సేవ్ చేయని పని కూడా కనబడేది అందుకే. డ్రైవ్ తుడిచేస్తే అదీ తుడిచిపెట్టుకుపోతుంది. 240 పేజీల పుస్తకం చేస్తున్న ఒకావిడ నాకు ఫోన్ చేసేసరికే ఎవరో చెప్పిన మాట విని ఫార్మాట్ అయిపోయింది. ఆవిడ మెయిల్‌లో రెండు రోజుల కిందటి కాపీ దొరికింది. నా దగ్గరున్న కొత్త వెర్షన్‌లో అది మామూలుగానే తెరుచుకుంది. ఆ రెండు రోజుల దిద్దుబాట్లు మాత్రం మళ్లీ కూర్చుని చేసుకున్నారు. ఆవిడ ఏడుపు ఆపుకుంటూ మాట్లాడటం నాకింకా గుర్తుంది. భయంలో ఎవరైనా దొరికిన సలహా పట్టుకుంటారు, ఆవిడను తప్పుపట్టలేను. తెలియకుండా "ఫార్మాట్ కొట్టు" అని చెప్పేవాళ్ల మీదే నా కోపమంతా.

మెసేజ్ రాగానే ఫైల్‌ను కాపీ చేసి పక్కన పెట్టండి, ఇక ఏం చేసినా ఆ కాపీ మీదే చేయండి. సైజు చూడండి. నిన్న 40 ఎంబీ ఉన్నది ఇవాళ సున్నా చూపిస్తుంటే మొదటి కాపీ ఎక్కడుందో వెతకాలి. పెన్‌డ్రైవ్ మీద, నెట్‌వర్క్ మీద తెరవకుండా హార్డ్ డిస్క్‌లోకి తెచ్చుకుని తెరవండి. ఇంకో సిస్టమ్‌లో ప్రయత్నించండి. అక్కడ తెరుచుకుంటే వెంటనే ఐడీఎంఎల్‌గా (పాత వెర్షన్లలోనూ తెరుచుకునే ఇన్‌డిజైన్ ఫైల్ రకం) సేవ్ చేసి, దాన్నుంచి కొత్త ఫైల్ తయారుచేసుకోండి. లోపల పేరుకున్న చిన్నచిన్న లోపాలు చాలావరకు ఆ దారిలోనే రాలిపోతాయి. పాత వెర్షన్ వాళ్లకు పంపాల్సిందీ ఐడీఎంఎలే, ఇన్‌డిజైన్ సీఎస్4 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం ఉంది. ఒక్క ఫైల్ అని కాకుండా అన్ని ఫైళ్లూ తిక్కతిక్కగా చేస్తుంటే అప్పుడు ప్రిఫరెన్సెస్ (ఇన్‌డిజైన్ సెట్టింగులు) రీసెట్ చేయండి. విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కిపట్టి ఇన్‌డిజైన్ తెరిస్తే, వాటిని తీసేయాలా అని అడుగుతుంది.

అడోబీ పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. అయినా పాత ఫైళ్లతో కుస్తీ పడేవాళ్లున్నారు, వాళ్ల కోసం ఒక మాట. ఏదీ సెలెక్ట్ చేయకుండా, పాయింటర్ టూల్‌తో ఉండి, కంట్రోల్, షిఫ్ట్ నొక్కిపట్టి టైప్ మెనూలో హైఫనేషన్ ఎంచుకోండి. ఒక బీప్ వస్తే లోపం లేదు. రెండొస్తే లోపం దొరికింది, సరిచేసింది. మూడొస్తే దొరికింది గానీ దానివల్ల కాలేదు.

అపోహ: ఫాంట్ సిస్టమ్‌లో ఉన్నా "మిస్సింగ్" అంటోందంటే వైరస్.

వాస్తవం: కాదు. అది టైప్ 1 అనే పాతకాలపు రకం ఫాంటేమో చూడండి. 2023 జనవరితో అడోబీ వాటికి సపోర్ట్ ఆపేసింది. ఫాంట్ మీ ఫోల్డర్‌లో ఉన్నా కొత్త ఇన్‌డిజైన్‌కు అది లేనట్టే. అదే ఫాంట్ ఓపెన్‌టైప్ అనే కొత్త రకంలో ఉంటే తెచ్చుకోండి, మార్చాక లైన్లు జరిగాయేమో పేజీ పేజీ చూసుకోండి.

అపోహ: పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ ఫెయిలైతే ఫైల్ మొత్తం కరప్ట్.

వాస్తవం: ముందు వేరే పేరుతో ఎక్స్‌పోర్ట్ చేయండి, అదే పేరుతో ఉన్న పాత పీడీఎఫ్‌ను ఏదైనా రీడర్‌లో తెరిచి ఉంచినా ఇదే గొడవ. అయినా కాకపోతే పేజీలను సగానికి విడగొట్టి ఒక్కో సగం చేసి చూడండి. ఫెయిలైన సగాన్ని మళ్లీ సగం చేయండి. తప్పు ఒక్క పేజీలోనే ఉంటే 64 పేజీల్లోనైనా ఆరు విడతల్లో దొరుకుతుంది. నాకు దొరికినప్పుడల్లా దాదాపుగా ఒక ఫొటోనే. దాన్ని ఫొటోషాప్‌లో తెరిచి, కొత్త పేరుతో సేవ్ చేసి, ఇన్‌డిజైన్‌లో పాతదాని బదులు దాన్ని రీలింక్ చేస్తే ఎక్స్‌పోర్ట్ అయిపోయింది.