రెండు పెగ్గులూ, ఖాళీ గోనె సంచులూ

పోయిన వారం మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మూడు నెలల నుంచి రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలే తింటున్నా, పొద్దున్నే గంట సేపు నడుస్తున్నా, అయినా 84 కిలోల దగ్గరే ఆగిపోయింది. బుధవారం, శనివారం రెండేసి లార్జ్‌లు వేసుకుంటా, అంతే. దానివల్లే అంటావా? అక్క మాత్రం దానివల్లే అంటోంది" అన్నాడు. ఇరవై ఏళ్ళకి పైగా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కదా, ఆ ప్రశ్న వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే దీని జవాబు మొత్తం ఎన్‌ఏడీ అనే ఒకే ఒక్క అణువు చుట్టూ తిరుగుతుంది, ఆ అణువంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

ముందు లెక్క చూసేద్దాం, అది రెండు నిమిషాల పని. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. 60 మి.లీ. లార్జ్‌లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, గ్రాముకి 7 కేలరీల చొప్పున లార్జ్‌కి 140 పైన. క్వార్టర్ (180 మి.లీ.) అంటే 430. స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా ఒక్కటి తాగితే 350 దాకా పోతుంది. సోడా కలిపినా, నీళ్ళు కలిపినా ఈ లెక్క మారదు, కూల్‌డ్రింక్ కలిపితే మాత్రం చక్కెర కూడా వచ్చి చేరుతుంది. మావాడి వారానికి నాలుగు లార్జ్‌లంటే 570 కేలరీలు. కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలు కాబట్టి మూడు నెలలకి ఒక కిలో తేడా, అంతకంటే కాదు. అంటే సీసాలో ఉన్న కేలరీలతోనే మావాడి బరువు మొత్తానికి కారణం చెప్పలేం. అసలు కథ ఆ ఆల్కహాల్ లోపలికెళ్ళాక మొదలవుతుంది.

ఇప్పుడు కాసేపు తాటిచెట్టు కిందికి రండి. సున్నం రాసిన కుండలో పట్టిన నీరా తియ్యగా ఉంటుంది, మామూలు లొట్టిలో పడ్డ నీరు ఎండెక్కేసరికి నురగ కట్టి కల్లయిపోతుంది. ఆ పని చేసేది ఈస్ట్. చక్కెరని విరగ్గొట్టి శక్తి తీసుకుంటుంది, అది అందరం చదువుకున్నదే. కానీ శక్తి వచ్చేశాక కూడా ఈస్ట్ ఆగదు, ఇంకో రెండు మెట్లు ఎక్కి మరీ, చక్కెర విరిగాక మిగిలే పైరువేట్‌ని ముందు అసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ రెండు మెట్ల వల్ల దానికి ఒక్క పిసరు అదనపు శక్తి కూడా రాదు, మరి ఎందుకంత కష్టం? మా క్లాసులో ఒక అమ్మాయి సరిగ్గా ఇదే అడిగింది. మన పుస్తకాల్లో బాణం గుర్తులు గీసి బట్టీ పట్టమంటారు గానీ ఆ బాణం ఎందుకుందో చెప్పరు, ఆ పిల్ల అడిగిన రోజు నుంచి నేను ఈ పాఠాన్ని ఇక్కణ్ణుంచే మొదలుపెట్టేవాణ్ణి.

జవాబు: ఖాళీ గోనె సంచుల కోసం.

యాసంగి కోతలప్పుడు ఐకేపీ సెంటర్ (ఊళ్ళో వడ్లు కొనే కేంద్రం) చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమైపోతుంది. వడ్లు కుప్పలు కుప్పలుగా ఉంటాయి, హమాలీలుంటారు, కాంటా ఉంటుంది, మిల్లు సిద్ధంగా ఉంటుంది, కానీ గన్నీ బ్యాగులు అయిపోతే మొత్తం పని ఆగిపోతుంది. తిండి నుంచి శక్తి తీసే ప్రతి జీవకణంలోనూ ఇలాంటి సంచి ఒకటుంది, అదే నేను మొదట్లో చెప్పిన ఎన్‌ఏడీ. తిండి అణువుల నుంచి హైడ్రోజన్ని (ఎలక్ట్రాన్లతో సహా) నింపుకుంటే అది నిండు సంచి, అప్పుడు ఎన్‌ఏడీహెచ్ అంటారు. మైటోకాండ్రియా అనేది మిల్లు, అక్కడ నిండు సంచి గుమ్మరిస్తే ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి) అనే బియ్యం వస్తుంది, ఖాళీ సంచి మళ్ళీ కాంటా దగ్గరికి వస్తుంది. లొట్టి అడుగున ఈస్ట్‌కి గాలి అందదు, మిల్లు నడవదు, సంచులన్నీ నిండిపోయి కూర్చుంటాయి. అప్పుడది ఆ నిండు సంచుల్లో సరుకంతా అసిటాల్డిహైడ్ మీద కుమ్మరించేస్తుంది, అదే ఆల్కహాల్. ఖాళీ సంచి చేతికొస్తుంది, ఈస్ట్ బతుకుతుంది. ఆల్కహాల్ దానికి అక్కర్లేని కుప్ప.

ఈ సంచి సంగతి మొదట బయటపడింది కూడా ఈస్ట్‌లోనే. 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ అనే ఇద్దరు ఈస్ట్ రసంలో వేడికి కూడా చెడని చిన్న పదార్థం ఏదో ఉంది, అది లేకపోతే పులియడం జరగట్లేదు అని పట్టుకున్నారు. ఈ పులియడం గుట్టు విప్పినందుకే హార్డెన్‌కి 1929లో హాన్స్ ఫాన్ ఆయిలర్‌తో కలిపి నోబెల్ వచ్చింది. సంచి కుట్టడానికి కావలసిన గుడ్డ నియాసిన్, అంటే బి3 విటమిన్. మన దక్కన్‌లో జొన్నలే తిని బతికే పేదలకి ఈ విటమిన్ లోటుతో ఎండ తగిలినచోట చర్మం పగిలే పెల్లాగ్రా జబ్బు వచ్చేది, దాని మీద హైదరాబాద్ పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకంఠయ్య పరిశోధన చేసి 1960లో జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని రాశారు. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగేవాళ్ళకి కూడా ఇదే జబ్బు వస్తుంది. తిండిలో గుడ్డే రాకపోతే సంచులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

సరే, మనం పెగ్గు వేశాం. ఈస్ట్ వదిలించుకున్న ఆ కుప్పని తెచ్చి మన కాలేయం గుమ్మంలో పోశామన్నమాట. కాలేయంలో ఉండే ఎంజైమ్ పేరు ఆల్కహాల్ డీహైడ్రోజినేస్, ఈస్ట్‌లో ఉన్నదాని పేరూ అదే, పని మాత్రం తలకిందులు. ఈస్ట్ ఏ మెట్టు ఎక్కి సంచి ఖాళీ చేసుకుందో, మనం అదే మెట్టు దిగి సంచి నింపుతాం! ఆల్కహాల్ అసిటాల్డిహైడ్ అవుతుంది, ఒక సంచి నిండుతుంది. అసిటాల్డిహైడ్ అసిటేట్ అవుతుంది, ఇంకో సంచి నిండుతుంది. మావాడి రెండు లార్జ్‌ల్లో ఎన్ని ఆల్కహాల్ అణువులున్నాయో దానికి రెట్టింపు సంచులు కావాలి, కాలేయంలో ఉన్న సంచులేమో పిడికెడు, అంటే ఒక్కో సంచి వందల సార్లు నిండి ఖాళీ కావాలి.

పైగా ఇక్కడో రూల్ ఉంది. ఐకేపీ సెంటర్‌లో తడి వడ్లు పక్కకి పెట్టి ఆరబోసుకోమంటారు, కాలేయంలో ఆల్కహాల్ అనే తడి వడ్లకే ముందు కాంటా. ఎందుకంటే ఆల్కహాల్‌ని దాచుకోవడానికి ఒంట్లో గరిసె లేదు, దాన్నుంచి వచ్చే అసిటాల్డిహైడ్ విషం, ఆపి ఉంచడం కుదరదు. కొవ్వు ఎండిన వడ్లు, ఎన్నాళ్ళైనా పొట్ట చుట్టూ గరిసెలో పడుంటుంది, తొందరలేదు. అందుకే కొవ్వు బండి వెనక్కి పోతుంది.

ఇక్కణ్ణుంచి కొంచెం గట్టిగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి, చాలా బాగుంటుంది. మొదటి మెట్టులో నిండిన సంచి మైటోకాండ్రియా బయట, సైటోసోల్ అనే కణద్రవంలో ఉంటుంది, అది తనంతట తాను మిల్లులోకి పోలేదు, దాని సరుకుని మేలేట్-ఆస్పార్టేట్ షటిల్ అనే లారీ మోసుకెళ్ళాలి, ఆ లారీలూ తక్కువే. దాంతో లోపలా బయటా కూడా నిండు సంచులు పేరుకుంటాయి. కొవ్వు ఆమ్లాలని ముక్కలు చేసే బీటా ఆక్సిడేషన్‌లో మూడో అడుగుకి ఖాళీ ఎన్‌ఏడీ ఉండి తీరాలి, లేదు కాబట్టి అది నెమ్మదిస్తుంది. తిండిని చివరిదాకా కాల్చే సిట్రిక్ యాసిడ్ చక్రంలోనూ మూడు చోట్ల ఖాళీ సంచి కావాలి, అదీ నెమ్మదిస్తుంది. గ్లూకోజ్ విరిగేటప్పుడు మధ్యలో వచ్చే డైహైడ్రాక్సీ అసిటోన్ ఫాస్ఫేట్ ఒకటుంది, నిండు సంచులు ఎక్కువైతే అది గ్లిసరాల్-3-ఫాస్ఫేట్‌గా మారుతుంది, అదేమో ట్రైగ్లిజరైడ్‌కి, అంటే ఒంట్లో దాచుకునే కొవ్వుకి వెన్నెముక. అంటే ఒక పక్క కొవ్వు కాల్చే దారి మూసుకుపోయింది, ఇంకో పక్క కొవ్వు కట్టడానికి కావలసిన దూలం తయారైంది. ఫ్యాటీ లివర్ మొదలయ్యేది ఇక్కడే.

అసిటేట్ కాలేయం దాటి రక్తంలోకి పోతుంది, కండరాలు, గుండె దాన్ని చూడగానే కొవ్వు వదిలేసి దీన్ని కాలుస్తాయి. కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళు 1999లో ఎనిమిది మంది మగవాళ్ళకి 24 గ్రాముల ఆల్కహాల్ ఇచ్చి కొలిచారు, అది మన లార్జ్ కన్నా కాస్త ఎక్కువ. తర్వాత కొన్ని గంటల పాటు ఒంట్లో కొవ్వు కాలడం 73 శాతం పడిపోయింది. తాగిన ఆల్కహాల్‌లో కాలేయం కొవ్వుగా మార్చింది మాత్రం 5 శాతం కూడా లేదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, నాకైతే మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది. మందు కొవ్వుగా మారట్లేదు, మందు ముందు నిలబడి కొవ్వుని లైన్లో ఆపేస్తోంది! అంతకుముందు 1992లో స్విట్జర్లాండ్‌లో మనుషుల్ని గదిలాంటి కొలత పరికరంలో రెండ్రోజులు ఉంచి చూసినప్పుడు కూడా కొవ్వు కాలడం మూడో వంతు తగ్గింది.

ఎంతసేపు ఆపుతుంది? కాలేయం గంటకి 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్ తేలుస్తుంది, కాఫీ తాగినా, చన్నీళ్ళ స్నానం చేసినా, మజ్జిగ తాగినా ఆ వేగం పెరగదు. లార్జ్‌కి రెండు మూడు గంటలు, మావాడి రెండింటికి నాలుగు నుంచి ఆరు, క్వార్టర్‌కి రాత్రంతా. ఆ గంటల్లో నోట్లోకి పోయిన నూనె కాలే వీలు చాలా తక్కువ, ఎక్కువ భాగం గరిసెకే. కాబట్టి నేను మావాణ్ణి అడిగిన ప్రశ్న మందు గురించి కాదు, "పక్కన ఏం తింటున్నావురా?" అని. పల్లీలు, చికెన్ 65, శనివారం అయితే చికెన్ పకోడీ కూడా అన్నాడు. వేయించిన పల్లీలు వంద గ్రాములంటేనే 570 కేలరీల పైన, చేతిలోంచి నోట్లోకి వెళ్తుంటే వంద గ్రాములు తెలియకుండా అయిపోతాయి. అక్కడికే వారం మొత్తం మందు కేలరీలు ఒక పూటలో వచ్చేశాయి, చికెన్ ఇంకా లెక్కలోకే రాలేదు.

తాగితే ఆకలెక్కువ అవుతుందన్నది ఉత్త మాట కాదు. 2017లో లండన్ ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ వాళ్ళు ఎలుకలకి ఆల్కహాల్ ఇస్తే మెదడులో ఆకలేసినప్పుడు మాత్రమే మోగాల్సిన ఏజీఆర్‌పీ అనే కణాలు మోగడం మొదలుపెట్టాయి, ఎలుకలు ఎక్కువ తిన్నాయి, ఆ కణాల నోరు నొక్కేస్తే ఆ అదనపు తిండి ఆగిపోయింది. కేలరీలు కడుపులో పడ్డాక ఆకలి తగ్గాలి, ఇదొక్కటి మాత్రం కేలరీలిచ్చి ఆకలిని కూడా లేపుతుంది.

అలాగని తాగితే బరువు తగ్గడం అసాధ్యం అనడం కూడా తప్పు, అది చెప్పకపోతే నేను సైన్సు చెప్పినట్టు కాదు. జర్మనీలో 49 మంది లావుగా ఉన్నవాళ్ళకి మూడు నెలలు రోజుకి 1,500 కేలరీల తిండే ఇచ్చి, అందులో 150 కేలరీలు సగం మందికి వైట్ వైన్ రూపంలో, మిగతావాళ్ళకి ద్రాక్షరసం రూపంలో ఇచ్చారు. వైన్ వాళ్ళు 4.7 కిలోలు, రసం వాళ్ళు 3.8 కిలోలు తగ్గారు, ఆ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. ఎందుకంటే వైన్ కేలరీల్ని మొత్తం లోపలే లెక్కేశారు, పక్కన పకోడీ లేదు. సంచులు రాత్రి ఆగినా పొద్దుటికి ఖాళీ అవుతాయి, ఆగిన కొవ్వు మర్నాడు కాలుతుంది, మొత్తం మీద తిన్న కేలరీలు తక్కువై ఉంటే.

దీన్ని పట్టుకుని వైన్ మంచిదనుకోవద్దు. ఆరోగ్యానికి ఇంతైతే ఫరవాలేదు అనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే చెప్పింది, ఆల్కహాల్ క్యాన్సర్ కారకం అన్నది 1988 నుంచి ఉన్న మాట. వొడ్కా వేడి చేస్తుంది కాబట్టి కొవ్వు కరుగుతుంది అనే నమ్మకం ఒకటి జిమ్ములకి వెళ్ళే పిల్లల్లో బాగా ఉంది, అది చాలా బాధగా ఉంటుంది వినడానికి. చర్మం కింద రక్తనాళాలు తెరుచుకుని ఒంట్లో వేడి బయటికి పోతుంది, అందుకే వెచ్చగా అనిపిస్తుంది, కొవ్వేమో ఆ టైములో 73 శాతం తక్కువ కాలుతోంది.

ఇంతకన్నా నాకు భయమేసింది మావాడు చివర్లో అన్న మాటకి: "అయితే బావా, తాగే రోజు రాత్రి తిండి మొత్తం మానేస్తే లెక్క సరిపోతుందిగా?" వద్దని గట్టిగా చెప్పా. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది కాలేయం, లాక్టేట్ అనే చిన్న అణువు నుంచి కొత్త గ్లూకోజ్ తయారుచేసి. ఆ తయారీ మొదటి అడుగుకే ఖాళీ సంచి కావాలి. సంచులన్నీ ఆల్కహాల్ పట్టుకుపోయినప్పుడు పైరువేట్ తిరిగి లాక్టేట్ అయిపోతుంది, గ్లూకోజ్ తయారవదు, కాలేయంలో దాచుకున్న చక్కెర నిల్వ, గ్లైకోజెన్, అయిపోతే చక్కెర పడిపోతుంది. చెమటలు, తూలడం, మాట తడబడటం, చూసేవాళ్ళు "ఎక్కువైంది, పడుకోబెట్టండి" అంటారు, అది మత్తు కాదని ఎవరికీ తట్టదు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకి ఇది ప్రాణం మీదికి వస్తుంది. ఉపవాసం డైట్లు చేస్తూ తాగేవాళ్ళకి ఎవరైనా ఇది చెప్పండి, దయచేసి. తాగడమంటూ ఉంటే ముందే మామూలు భోజనం, పప్పో గుడ్లో ఉన్న భోజనం, చేసి కూర్చోమన్నాను, మంచింగ్ ప్లేటు టేబుల్ మీదికే రావద్దన్నాను, ఒక లార్జ్ దగ్గర ఆపమన్నాను.

ఇంకో సంగతి కూడా బయటపడింది. మావాడు బరువు చూసుకునేది ఆదివారం పొద్దున, శనివారం తాగిన మర్నాడు. ఆల్కహాల్ వాసోప్రెసిన్ అనే హార్మోన్ని అణిచేస్తుంది, కిడ్నీలు నీళ్ళు వదిలేస్తాయి, ఆదివారం ముల్లు కిలో తక్కువ చూపిస్తుంది, సోమవారానికి తాగిన నీళ్ళతో మళ్ళీ మొదటికి. మూడు నెలలుగా ఆ ఆదివారం అంకె చూసే "మందు వల్ల పెరగట్లేదులే" అనుకుంటున్నాడు. ఇకనుంచి బుధవారం పొద్దున, టిఫిన్‌కి ముందు చూసుకోమన్నా. ఈ బుధవారం చూసి ఫోన్ చేస్తానన్నాడు.