కౌంట్ పడిపోయిన వారం

2020లో మా పిన్నికి గుంటూరులో క్యాన్సర్‌కి కీమో నడుస్తోంది. బ్రాడీపేటలో ఇల్లు, బయట కరోనా, ఇంట్లో అందరికీ మాస్కులు. రెండో సైకిల్, అంటే రెండో విడత కీమో తర్వాత చేసిన సీబీపీ రక్తపరీక్షలో టోటల్ కౌంట్ (తెల్లకణాల సంఖ్య) 1,800 వచ్చింది, వాటిలో బ్యాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్స్ 20 శాతం. ఫర్వాలేదులే అనుకున్నాం. డాక్టరుగారు రెండూ గుణించి చూపించారు: 360. మామూలుగా 1,500 పైన ఉండాల్సిన సంఖ్య అది, 500 కిందికి దిగిందంటే ఒంట్లో కాపలా లేనట్టే.

కీమో మందు వేగంగా విభజన చెందే కణాల మీద పడుతుంది, అది క్యాన్సర్ కణమా, ఎముక మజ్జలో తెల్లకణాల్ని పుట్టించే కణమా అని చూడదు. జుట్టు రాలేదీ అందుకే. న్యూట్రోఫిల్ రక్తంలో ఉండేది మహా అయితే ఒక రోజు, కాబట్టి మజ్జలో తయారీ కుంటుపడితే చాలా మందుల్లో కీమో ఎక్కించిన ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య కౌంట్ అడుగంటుతుంది. చిక్కేమిటంటే, వాంతులు తగ్గి అన్నం సయించేదీ దాదాపు అప్పుడే. మనిషి తేరుకుందని కబురు వెళ్తుంది, చుట్టాలు బత్తాయిల సంచీతో దిగిపోతారు. పరామర్శకు రావద్దని చెప్పడం మన ఇళ్లలో ఎంత కష్టమో తెలిసిందే.

అయితే చుట్టాల్ని ఆపినంత మాత్రాన పని అయిపోదు. ఈ ఇన్ఫెక్షన్లలో చాలావాటికి కారణం రోగి సొంత పేగుల్లో, చర్మం మీద ఎప్పట్నుంచో ఉంటున్న బ్యాక్టీరియానే. కీమోకి నోరు పూసిందంటే వాటికి తలుపు తెరిచినట్టే, అందుకే ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో రోజూ పుక్కిలించమంటారు. పైగా చీము అంటే చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే కదా, అవే లేనప్పుడు చీమూ పట్టదు, వాపూ సరిగ్గా కనిపించదు. చాలాసార్లు బయటపడే గుర్తు జ్వరం ఒక్కటే.

మేం తప్పు చేసింది అక్కడే. ఓ రాత్రి పదింటికి 101 చూపించింది. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్తే కరోనా అంటుకుంటుందేమో అని టెన్షన్, పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామన్నాం, నేనూ అన్నాను. ఆ బిళ్ల జ్వరాన్ని దించింది, దాంతోపాటు ఉన్న ఒక్క గుర్తునీ దాచేసింది. కీమోలో ఉన్నవాళ్లకి 100.4 దాటితే అది ఎమర్జెన్సీ, ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలి. పొద్దున తీసుకెళ్లాం, అదృష్టం బాగుండి గట్టెక్కింది.

2021 మార్చి 1 నుంచి 45 దాటిన క్యాన్సర్ రోగులకీ కరోనా టీకా మొదలైంది. పిన్ని వేయించుకుంది. కానీ కొన్ని రక్త క్యాన్సర్లకి ఇచ్చే రిటుక్సిమాబ్ లాంటి మందు వాడేవాళ్లలో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలే తుడిచిపెట్టుకుపోతాయి, టీకా వేసినా సరిగ్గా పట్టదు. అలాంటి ఇళ్లలో చుట్టూ ఉన్నవాళ్లు ముందు వేయించుకోవాలి.

ఆ రాత్రి తర్వాత ప్రతి సైకిల్‌కీ క్యాలెండర్లో ఏడు నుంచి పద్నాలుగు దాకా ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాం. బత్తాయిల సంచీలు గేటుకి వేలాడేవి. బాబాయ్ అరుగు మీద కూర్చుని కిటికీలోంచి కబుర్లు చెప్పేవాడు, పిన్ని లోపల్నుంచి తిట్టేది.