టీఎన్‌ఎఫ్‌కి కణం బ్రేకు ఎలా వేస్తుంది?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లజబ్బుకి ఇచ్చే బయోలాజిక్ (జీవకణాల్లో తయారుచేసే మందుల) ఇంజెక్షన్లలో చాలా వాటి పని ఒకటే, టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ని అడ్డుకోవడం. ఒంట్లోనే తయారయ్యే ప్రొటీన్‌ని మందు పెట్టి ఎందుకు ఆపాలి?

1975లో న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం దీన్ని ఎలుకల్లో కణితుల్ని చంపే పదార్థంగా గుర్తించి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టింది. పదేళ్లకి బ్రూస్ బ్యూట్లర్, ఆంథొనీ సెరామీ జబ్బుపడ్డ జంతువుల్ని చిక్కి శల్యం చేసే ప్రొటీన్ ఏదా అని వెతుకుతూ వెళ్తే చివరికి చేతికొచ్చిందీ ఇదే. ఇన్ఫెక్షన్ రాగానే ఇది కావాలి, కాస్త ఎక్కువైతే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. అంటే కణం దీన్ని నిమిషాల్లో మొదలుపెట్టాలి, అంతే త్వరగా ఆపాలి.

మొదలుపెట్టే స్విచ్‌లలో ముఖ్యమైన ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ 1986లో దొరికింది. ఎక్కువమంది దృష్టి దాని మీదే ఉంటుంది కానీ, నన్నడిగితే అసలు కథ ఆపడంలో ఉంది. జన్యువు నుంచి ప్రొటీన్‌కి ఆదేశం మోసుకెళ్లేది ఎంఆర్‌ఎన్‌ఏ అనే అణువు. టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ తోకలో ఎ, యు అనే రసాయన అక్షరాలు గుంపుగా మళ్లీ మళ్లీ వస్తున్నాయని అదే ఏడాది గమనించారు. గ్రే షా, రాబర్ట్ కామెన్ అలాంటి ముక్కనొకదాన్ని ఇంకో రోగనిరోధక ప్రొటీన్ జన్యువు నుంచి తీసి, ఎక్కువసేపు చెక్కుచెదరకుండా ఉండే గ్లోబిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) ఎంఆర్‌ఎన్‌ఏకి అతికిస్తే అది కూడా త్వరత్వరగా విరిగిపోయింది! ఎంత తేలికైన ప్రయోగం, ఎంత స్పష్టమైన జవాబు.

మరి ఆ తోకని చదివేదెవరు? ట్రిస్టెట్రాప్రోలిన్ అనే ప్రొటీన్. పెర్రీ బ్లాక్‌షియర్ బృందం 1996లో అది లేని ఎలుకల్ని తయారుచేస్తే అవి పుట్టినప్పుడు బాగానే ఉండి, తర్వాత చిక్కిపోయి, కీళ్లవాపు తెచ్చుకున్నాయి. అది టీఎన్‌ఎఫ్ తోకని పట్టుకుని ఆ ఎంఆర్‌ఎన్‌ఏని త్వరగా ముక్కలయ్యేలా చేస్తుందని 1998లో తేల్చారు. మరుసటి ఏడాది గ్రీస్‌లో కోంటోయియానిస్, కొలియాస్ ఎలుకల్లో ఆ తోక ముక్కని మాత్రమే తీసేశారు. ప్రొటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం కూడా మారలేదు, అయినా ఆర్థరైటిస్‌తో పాటు క్రోన్స్ లాంటి పేగు జబ్బూ వచ్చింది.

ఇన్ఫెక్షన్ సమయంలో పి38 అనే సంకేత మార్గం ఈ బ్రేకుని కాసేపు వదులు చేస్తుంది, ఆ సంకేతం తగ్గాక బ్రేకు మళ్లీ పడుతుంది. 1998లోనే అమెరికాలో క్రోన్స్‌కి అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు మాత్రం ఇదంతా దాటి, తయారైపోయిన టీఎన్‌ఎఫ్‌ని పట్టుకుంటుంది. కణం లోపలి బ్రేకు జోలికి అది నేరుగా వెళ్లదు.