కర్నూలు వన్‌టౌన్: అంగడి మిద్దెకు తాళం ఎలా పడింది?

కర్నూలు వన్‌టౌన్‌లో పాత అంగడి మిద్దెను కూల్చకుండా బాగుచేద్దామంటే అందరూ ముందు అడిగేది ఖర్చెంతని. అసలు చిక్కు ఖర్చు కాదు, కాగితాలు.

అంగడి మిద్దె అంటే కింద అంగళ్లు, పైన ఇల్లో గోదామో. ముందు బండలు పరిచిన అరుగు. రోలింగ్ షట్టర్లు రాకముందు పలకల తలుపులుండేవి. ఒక్కో పలకకు ఒక నంబరు. వరస తప్పితే చివరి పలక గాడిలో దిగదు. పైకప్పు టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా పేర్చి, సున్నంతో బిగించిన మద్రాసు మిద్దె.

తుంగభద్ర, హంద్రీ కలిసే ఊరు కాబట్టి ఇక్కడ వ్యాపారం పాతదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక ఆఫీసులు డేరాల్లో కూడా నడిచాయి. నాలుగు గోడలున్న గదికి ఎంత గిరాకీ ఉండేదో వేరే చెప్పాలా! 1956 నవంబరు 1 నుంచి రాజధాని హైదరాబాదు. తర్వాత ఊరు కొత్త బస్టాండు వైపు పెరిగేకొద్దీ వన్‌టౌన్ వెనకబడింది.

1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం బాడుగదారును ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించకుండా కాపాడింది. చిన్న వ్యాపారికి అది మేలే. కానీ పాత బాడుగే వస్తుంటే ఓనరు పైకప్పు మీద రూపాయి పెట్టడు. తనది కాని గోడకు బాడుగదారు సున్నం కొట్టించడు. ఖాళీ చేయమని వేసిన కేసు నడుస్తుండగానే ఓనరు పోతాడు. వారసుల్లో ఒకరు బెంగళూరు, ఒకరు అమెరికా. సంతకాలకే ఏళ్లు పడుతుంది. ఈలోగా దూలం సందుల్లోంచి వాన కారుతూనే ఉంటుంది.

2009 అక్టోబరు వరదలో వన్‌టౌన్ మునిగింది, సరుకంతా బురదపాలైంది. ఇలా తడిసిన సున్నం గోడకు తొందరపడి సిమెంటు పూయించడం మామూలే. సున్నం తడిని పీలుస్తుంది, వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల ఉప్పు పేరుకుని పూత పెచ్చులూడుతుంది. అప్పుడు చూసినవాళ్లు గోడకు వయసైపోయిందంటారు. తప్పు పూతది, నింద గోడకు!

సిమెంటు చెక్కేసి, గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పూసే బేల్దార్లు ఇప్పుడు తక్కువ. రోజులూ, కూలీ ఎక్కువే. అయినా డబ్బుంటే తెమిలే పని అది. అంతకుముందు వారసులంతా ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. పనయ్యాక అదే అంగడి తిరిగిస్తామని పాత బాడుగదారుకు రాసివ్వాలి.

కొండారెడ్డి బురుజును కూల్చేద్దామని ఎవరూ అనరు. అది ఊరందరిదీ. అంగడి మిద్దె అలా కాదు, సొంత ఆస్తి, దాని భారమంతా ఓనరుదే. అందుకే పెట్టిన డబ్బు రాబట్టుకోవాలని బాడుగ మూడింతలు చేయడం, మిద్దెను కాఫీ షాపుకు ఇచ్చేయడం సులువైన దారి. అప్పుడు ముఖద్వారం మిగులుతుంది; టైలరు, కిరాణా కొట్టాయన పోతారు. నా లెక్కలో అది సగం పనే. ఎస్టిమేటు వేసేటప్పుడే, పని నడిచే నెలల్లో వాళ్లు ఎక్కడ వ్యాపారం చేసుకుంటారో, ఆ బాడుగ ఎవరు కడతారో కూడా అందులో రాయాలి.