నేపథ్య సంగీతపు ఆల్బమ్‌లు వినడం, వాటిపై అభిప్రాయం చెప్పడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో పెళ్లి రిసెప్షన్లకూ, నవరాత్రి పందిళ్లకూ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించడం నా వృత్తి. కుర్రవాళ్లు తీసే షార్ట్ ఫిల్ములకు రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం కూర్చడం) చేసిపెట్టడం దానికి తోడైన పని. ఇవి కాక, పొగతోటలో ఒక మిత్రుని మేడ మీది గదిలో మేము కొందరం అప్పుడప్పుడూ కూడి, ఏదో ఒక సినిమా నేపథ్య సంగీతపు ఆల్బమ్‌ను మొదటి ట్రాకు నుంచి చివరి ట్రాకు దాకా ఆపకుండా విని, ఆ తరువాత ఎవరి అభిప్రాయం వారు చెప్పుకుంటాము. అక్కడా, మా ఆర్కెస్ట్రా మిత్రుల మధ్యనా, కచేరీ అయ్యాక వేదిక దగ్గరికి వచ్చి మాట్లాడే శ్రోతల నోటా పదే పదే వినబడే కొన్ని అపోహలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. అభిప్రాయం ఎంత గట్టిదైనా, అది ఏ ట్రాకులో ఏ నిమిషం దగ్గర వినబడినదాని గురించో చెప్పినప్పుడే ఎదుటివారు దానిని విని ఔననడానికో కాదనడానికో వీలుంటుందన్నది ఈ వ్యాసమంతటా నేను పట్టుకున్న మాట.

అపోహ: సినిమా సంగీతమంటే పాటలే, బీజీఎం (నేపథ్య సంగీతం) అనేది పాటల మధ్య ఖాళీని నింపే సరుకు.

మా ఊరివాళ్లకు ఈ అపోహ కొంచెం ఎక్కువగానే ఉండడానికి కారణం ఉంది. బాలుగారిని తమవాడనుకునే ఊరు ఇది. తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని ఆయన 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించిన సంగతి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అటువంటి గాయకుని చూసుకుని మురిసే ఊరిలో సంగీతం అనగానే పాట గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు. అయితే పురస్కారాలు ఇచ్చేవారు ఈ రెండింటినీ ఏనాడో వేరు చేశారు. 2021 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ‘పుష్ప’ పాటలకు దేవిశ్రీప్రసాద్‌కూ, ‘ఆర్ఆర్ఆర్’ నేపథ్య సంగీతానికి కీరవాణికీ వేర్వేరుగా బహుమతులు వచ్చాయి. అదే ‘ఆర్ఆర్ఆర్’కు 2023లో వచ్చిన ఆస్కార్ మాత్రం ‘నాటు నాటు’ పాటకు వచ్చినదే తప్ప నేపథ్య సంగీతానికి వచ్చినది కాదు. 2009లో ఎ.ఆర్.రెహమాన్‌కు ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు గాను రెండు ఆస్కార్లు రావడానికి కారణం కూడా ఇదే: ఒకటి పాటకు, మరొకటి నేపథ్య సంగీతానికి. పద్య నాటకాలు చూసి పెరిగిన మా పెద్దలకు అసలు ఈ విషయం విడమరిచి చెప్పవలసిన పని లేదు. పాత్ర ప్రవేశానికి ముందు హార్మోనిస్టు ఏ బిట్టు వాయించాడన్నదానిని బట్టే రాబోయే సన్నివేశం ఎటువంటిదో వారు పసిగట్టేవారు.

అపోహ: ఆల్బమ్‌లో విన్నదే సినిమాలో ఉంటుంది, సినిమాలో విన్నదంతా ఆల్బమ్‌లో ఉంటుంది.

మా గదిలో జరిగే తగవులలో ఎక్కువ భాగం ఈ ఒక్క అపోహ నుంచే పుడతాయి. సినిమా కోసం చేసే సంగీతం చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క ఇరవై సెకన్లు ఉండవచ్చు, మరొకటి మూడు నిమిషాలు ఉండవచ్చు. ఆల్బమ్‌గా తెచ్చేటప్పుడు వాటిలో కొన్నింటిని కలిపి ఒక ట్రాకుగా కుడతారు, కొన్నింటిని వదిలేస్తారు, వినడానికి ఇంపుగా ఉండేట్టు వరుస మారుస్తారు. 1977లో ‘స్టార్ వార్స్’ సంగీతం రెండు ఎల్‌పీ రికార్డులుగా వెలువడినప్పుడు జాన్ విలియమ్స్ ట్రాకులను కథాక్రమంలో పెట్టలేదు. కథాక్రమంలో పేర్చిన రెండు సీడీల కూర్పు కోసం అభిమానులు 1997 దాకా ఆగవలసి వచ్చింది. 1990ల నాటి హాలీవుడ్ ఆల్బమ్‌లు చాలావరకు అరగంటకు మించకపోవడానికి కూడా సంగీతేతరమైన కారణమే ఉంది. సినిమా కోసం వాయించినదాన్ని మళ్లీ ఆల్బమ్‌గా అమ్మాలంటే అక్కడి వాద్యకారుల సంఘం నిబంధనల ప్రకారం కళాకారులకు అదనంగా చెల్లించాలి, ఆ ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీలు నిడివిని తగ్గించేవి. ఈ సంగతి తెలియనివారు ‘అరగంటకే సరుకు అయిపోయింది’ అని సంగీత దర్శకుణ్ణి తప్పుపడతారు.

ఇంతకంటే విచిత్రమైన ఉదాహరణ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’. 1968లో వచ్చిన ఆ సినిమాకు అలెక్స్ నార్త్ చేసిన సంగీతాన్ని దర్శకుడు కుబ్రిక్ పూర్తిగా పక్కన పెట్టి, అంతకు ముందే ఉన్న శాస్త్రీయ సంగీతపు రికార్డింగులను వాడుకున్నాడు. నార్త్ స్వరరచనను జెర్రీ గోల్డ్‌స్మిత్ తిరిగి రికార్డు చేయించగా అది 1993లో ఆల్బమ్‌గా వచ్చింది. అంటే సినిమాలో ఒక్క క్షణమైనా వినబడని సంగీతానికి ఆ సినిమా పేరుతోనే ఒక ఆల్బమ్ ఉన్నదన్న మాట. ఇక మన తెలుగు సినిమాల సంగతికి వస్తే, సినిమా విడుదలైన కొద్ది రోజులకే యూట్యూబులో కనిపించే బీజీఎం క్లిప్పులలో చాలావరకు సినిమా ఆడియో నుంచి కోసినవే ఉంటాయి. వాటిలో సంభాషణ తాలూకు తునకలూ, కత్తుల చప్పుళ్లూ, తలుపుల చప్పుళ్లూ కలిసిపోయి ఉంటాయి. సంభాషణ వచ్చే చోట మిక్సింగ్ ఇంజనీరు సంగీతాన్ని తగ్గించినది కూడా అలాగే ఉండిపోతుంది. సంస్థ స్వయంగా విడుదల చేసే ఓఎస్‌టీలో (అధికారిక సంగీత ఆల్బమ్‌లో) అదే ముక్క పూర్తి స్థాయిలో, మరొక మిక్సింగ్‌తో ఉంటుంది. ఈ రెండింటిలో ఏది విని మాట్లాడుతున్నామో ముందుగా చెప్పకపోతే, ఒకరు వేణువు వినబడలేదంటారు, మరొకరు వేణువే ప్రాణమంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

అపోహ: సంగీతం ఎప్పుడైనా బొమ్మ (తీసిన సన్నివేశం) చూసి చేసేదే.

చాలావరకు అలాగే జరుగుతుంది, అన్నిసార్లూ కాదు. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ (1968) ప్రధాన స్వరాలను ఎన్నియో మొరికోన్ చిత్రీకరణకు ముందే సిద్ధం చేయగా, దర్శకుడు లియోనే వాటిని సెట్‌లో వినిపిస్తూ సన్నివేశాలు తీశాడు. ‘ఇ.టి.’ (1982) చివరి ఘట్టంలో బొమ్మతో కొలత కుదరక ఇబ్బంది పడుతున్న జాన్ విలియమ్స్‌ను స్పీల్‌బర్గ్ తెర ఆపించి స్వేచ్ఛగా వాయించమని చెప్పి, ఆ తరువాత సంగీతానికి తగినట్టు ఎడిటింగును సరిచేసుకున్నాడు. కాబట్టి ‘బొమ్మకు భలే అతికించాడు’ అని మెచ్చుకునే ముందు ఏది దేనికి అతికిందో ఒకసారి విచారించడం మంచిది.

అపోహ: స్వరజ్ఞానం లేనివారు నేపథ్య సంగీతంపై అభిప్రాయం చెప్పకూడదు.

ఈ మాట అనేవారు సాధారణంగా నాబోటి వాద్యకారులే కాబట్టి దీనిపై కాస్త గట్టిగానే చెప్పదలచుకున్నాను. ఒకసారి మా గదిలో సొరచేప సినిమా ‘జాస్’ (1975) ఆల్బమ్ విన్నాము. పక్కపక్కనే ఉండే రెండు స్వరాలను తంత్రీ వాద్యాల మంద్రస్థాయిలో పలికిస్తూ మొదలయ్యే దాని ప్రధాన ట్రాకు జగత్ప్రసిద్ధం. కర్ణాటక సంగీతం నేర్చుకున్న మిత్రుడొకాయన ఆ రెండు స్వరాలు ఏ రాగంలో వస్తాయా అన్న ఆలోచనలో మునిగిపోయి, ట్రాకు అయ్యేదాకా తల ఎత్తలేదు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు సాగుచేసే మరొక మిత్రుడు మాత్రం, ‘అన్నా, మొదట్లో ఆ ముక్కకూ ముక్కకూ మధ్య చాలా ఎడం ఉండింది, పోనుపోను ఎడం లేకుండా వచ్చేస్తా ఉంది’ అన్నాడు. సొరచేప దగ్గర పడుతున్నదన్న భావాన్ని ఆ సంగీతం కలిగించే పద్ధతి అచ్చంగా అదే: స్వరాలు మారవలసిన అవసరం లేకుండానే వాటి మధ్య నిశ్శబ్దం తరిగిపోతుంది. ఆయనకు స్వరాల పేర్లు తెలియవు, అయినా ఆయన చెప్పినదానిని మేమందరం ట్రాకును వెనక్కి తిప్పి విని సరిచూసుకోగలిగాము. రాగం పేరు చెప్పడం ఒక సమాచారం మాత్రమే. ఆ రాగం అక్కడ ఏం చేసిందో చెప్పినప్పుడే అది అభిప్రాయమవుతుంది.

అదే సినిమాలో ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన సొరచేప వీపు రెక్కను నీళ్లపై తేలించి జనాన్ని బెదరగొట్టే సన్నివేశం ఉంది. అక్కడ ఆ రెండు స్వరాల సంగీతం రాదు. నిజమైన సొరచేపకు మాత్రమే ఆ సంగీతాన్ని కేటాయించడం వల్ల, అది రాకపోవడమే శ్రద్ధగా వినేవారికి ఒక సూచన అవుతుంది. అయితే ఆల్బమ్ మాత్రమే విన్నవారికి ఈ విషయం తెలిసే అవకాశమే లేదు. అందుకే మేము ఒక నియమం పెట్టుకున్నాము. ముందు ఆల్బమ్ విని దాని గురించి అభిప్రాయం చెప్పాలి, తరువాత సినిమా చూసి అందులో విన్నదాని గురించి వేరుగా చెప్పాలి.

వినడానికి కొత్తవారికి నేను ఇచ్చే అభ్యాసం ఇది. ఒక ట్రాకును తీసుకుని మొదటిసారి మంద్రంగా పలికే వాద్యాన్ని మాత్రమే వెంబడించాలి. రెండవసారి ఏ వాద్యం ఎప్పుడు వచ్చి చేరిందో, ఎప్పుడు తప్పుకుందో నిమిషాలతో సహా కాగితంపై రాసుకోవాలి. మూడవసారి, మొదటి ట్రాకులో విన్న థీమ్ (ప్రధాన బాణీ) ఇక్కడ ఏ రూపంలోనైనా తిరిగి వచ్చిందేమో గమనించాలి. థీమ్ అదే ఉండి వాద్యమో, నడకో మారినప్పుడు కథలో కూడా ఏదో మారి ఉంటుందన్నది చాలా ఆల్బమ్‌లలో నిలిచే సూత్రం.

అపోహ: థియేటర్ దద్దరిల్లితే మంచి బీజీఎం.

కథానాయకుని ప్రవేశానికీ, ఇంటర్‌వెల్‌కూ దద్దరిల్లించడం తెలుగు సినిమాకు అవసరమే. వేదిక మీద ఆ బిట్లు వాయించి ఈలలు కొట్టించుకునే నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. కానీ శబ్దపు స్థాయి వేరు, రచనా బలం వేరు. ‘సైకో’ (1960)కు బెర్నార్డ్ హెర్మన్ డప్పులూ, బాకాలూ ఏమీ లేకుండా కేవలం తంత్రీ వాద్యాలతోనే ప్రేక్షకుణ్ణి వణికించాడు. పైగా స్ట్రీమింగ్ యాప్‌లు అన్ని ట్రాకులనూ దాదాపు ఒకే స్థాయికి సర్దే ఏర్పాటు చేసుకున్నాయి. కాబట్టి ఊరికే హోరుగా మిక్స్ చేసిన ట్రాకు అక్కడ ఆ హోరును పోగొట్టుకుని, దానిలోని అసలు సంగీతం ఎంతో బయటపెట్టుకుంటుంది.

దీనికి ఆనుకునే ఉన్న మరొక సంగతి, వినే సాధనం. ఖరీదైన హెడ్‌ఫోన్లు లేకపోతే వినడం దండగన్నది అపోహే. మామూలు తీగ ఇయర్‌ఫోన్లు చాలు. కానీ ఫోను స్పీకరులో విని తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం, ఎందుకంటే చాలా ఫోన్ల స్పీకర్లు 200 హెర్ట్జ్‌కు దిగువనున్న మంద్రధ్వనులను దాదాపు ఏమీ పలికించలేవు. బాస్ గిటారు, మృదంగపు తొప్పి (ఎడమ) వైపు నాదం, ఆర్గన్‌లోని మంద్రస్వరాలు, వీటి పునాది అంతా ఆ గీతకు కిందనే ఉంటుంది. ‘ఇంటర్‌స్టెల్లార్’ (2014) కోసం హాన్స్ జిమ్మర్ లండన్‌లోని టెంపుల్ చర్చిలో ఉన్న పెద్ద పైప్ ఆర్గన్‌ను రికార్డు చేయించాడు. ఆ ఆల్బమ్‌లోని ఒక ట్రాకును నేను ముందు ఫోనులో వినిపించి, వెంటనే మా ఆర్కెస్ట్రా స్పీకర్లలో వినిపించినప్పుడు, రెండోసారి కిటికీ రెక్కలు సన్నగా అదిరాయి. ఫోనులో విని ‘ఒకటే కీచుమంటోంది’ అన్నవారు తమ మాటను తామే కొట్టివేసుకున్నారు.

అపోహ: రెండు ముక్కలు ఒకేలా ఉంటే ఒకటి కాపీయే.

కాపీలు లేవని నేను అనను. అయితే పోలికకు కారణాలు అనేకం. ఎడిటింగు సమయంలో వేరే సినిమా సంగీతాన్ని తాత్కాలికంగా వేసి చూసుకోవడం, దర్శకుడు దానికి అలవాటుపడి ‘ఇలాంటిదే కావాలి’ అనడం అన్ని చోట్లా ఉన్నదే. ‘డైస్ ఇరే’ అనే మధ్యయుగపు చర్చి గీతంలోని తొలి స్వరాలు 1830 నాటి బెర్లియోజ్ సింఫనీలోనూ, 1980 నాటి ‘ద షైనింగ్’ సినిమా ఆరంభంలోనూ వినబడతాయి. మృత్యువును సూచించడానికి తెలిసే వాడుకున్నవి అవి. మోహన వంటి అయిదు స్వరాల రాగంలో ఇద్దరు బాణీ కట్టినప్పుడు కొన్ని సంచారాలు (స్వరాల కదలికలు) కలవకుండా ఉండడమే కష్టం. కాపీ అని ఆరోపించదలచినవారు బాణీ కలిసిందా, తాళపు నడక కలిసిందా, వాద్యాల పొందిక మాత్రమే కలిసిందా అన్నది విడదీసి, రెండు ట్రాకుల నిమిషాలనూ పక్కపక్కన రాయాలి. ఇంత చేసేసరికి సగం ఆరోపణలు వాటంతట అవే ఆగిపోవడం మా గదిలో చూస్తుంటాను.

అపోహ: వినబడేదంతా సంగీత దర్శకుని చేతి పనే.

స్వరరచన ఆయనది. వాద్యాలకు పంచి రాసేవారు, ప్రోగ్రామింగ్ చేసేవారు, వాయించేవారు, మిక్స్ చేసేవారు వేరుగా ఉండవచ్చు. ‘బొంబాయి’ (1995) క్యాసెట్టులో పాటలతో పాటు వచ్చిన థీమ్‌ను మెచ్చుకోనివారు లేరు. అందులోని వేణువు నవీన్‌దని చెప్పేవారు తక్కువ. వేణువును మెచ్చుకునే వాక్యంలో వేణువాద్యకారుని పేరు కూడా ఉండాలన్నది, అట్ట మీద పేరు పడని వాద్యకారునిగా, నా స్వార్థంతో కూడిన కోరిక.

అపోహ: ముప్ఫై సెకన్లలోపు ముక్కను ఎవరైనా వాడుకోవచ్చు.

అభిప్రాయాన్ని వీడియోగా చెప్పే కుర్రవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఇదే. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో ఇన్ని సెకన్లు అన్న లెక్క ఎక్కడా లేదు. విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోవడానికి 52వ సెక్షను వీలు కల్పిస్తుంది. ఎంత మేర న్యాయమన్నది సందర్భాన్ని బట్టి తేలుతుంది. పది సెకన్లు వినిపించి దానిపై రెండు నిమిషాలు మాట్లాడడానికీ, ట్రాకంతా వినిపించి చివర ‘సూపర్’ అనడానికీ తేడా ఉంది. పైగా యూట్యూబులో హక్కుదారు తరఫున సరిపోల్చేది యంత్రం కాబట్టి, మీ ఉద్దేశం సమీక్షే అయినా అది హక్కుల క్లెయిము వేయవచ్చు. అప్పుడు అభ్యంతరం రాసుకోవలసింది మీరే. మా బృందంలోని కుర్రవాళ్లు ఈ బెడద లేకుండా, సంగీతం అసలు వినిపించకుండా, సంస్థ పెట్టిన అధికారిక ఓఎస్‌టీ లంకెను కింద ఇచ్చి, ‘నాలుగవ ట్రాకు, 1:40 దగ్గర వయొలిన్లు తప్పుకునే చోటు వినండి’ అని నోటితోనే చెబుతున్నారు.